‘ఏ ఆయన లేస్తారు అయ్యగారూ?’: ఆదరణ పరిచర్యలో ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. రాశాక చదివి వినిపించాను కూడా. ఊరు, కుటుంబ వివరాలు, ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న సంగతులు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను. ఆమెను అమ్మగారు అనే అంటాను.

రాయడానికి కారణం నా పొరపాటు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పరిచర్యలో ఉన్నాను. ఈస్టర్ ప్రసంగాలు ఎన్ని చేశానో లెక్కలేదు. అలాంటివాణ్ణి భర్తను పోగొట్టుకున్న ఒక విశ్వాసి ముందు కూర్చుని చనిపోయినవాళ్ళు దేహంతో తిరిగి లేస్తారన్న పునరుత్థానాన్నే తప్పుగా చెప్పాను. అది తప్పని ఆమె చెబితేగానీ నాకు తెలియలేదు.

నేపథ్యం

అమ్మగారికి అరవై దాటాయి. సంఘంలోనే పుట్టి పెరిగిన మనిషి. బైబిలు మొదటినుంచి చివరిదాకా నాకంటే ఎక్కువసార్లే చదివి ఉంటారు. భర్తకు మతిమరుపు జబ్బు, డాక్టర్లు డిమెన్షియా అనేది, దాదాపు ఆరేళ్ళు నడిచింది. మొదట తాళాలు, దారులు, లెక్కలు మరిచిపోయారు. తర్వాత మనుషుల్ని. చివరి ఏడాదిన్నర మంచం మీదే. పిల్లలు డబ్బు పంపేవారు, వీలైనప్పుడు వచ్చి వెళ్ళేవారు. దగ్గరుండి చూసుకున్నది మాత్రం ఆమె ఒక్కరే.

ఆయన ప్రభువునందు నిద్రించాక కుటుంబంలో ఉన్న కొన్ని ఇబ్బందుల వల్ల భూస్థాపన కుదరక దహనం చేశారు. ఆ ఇబ్బందులేమిటో ఇక్కడ అనవసరం. నిర్ణయం పిల్లలది, సంతకం ఆమెది.

నేను ఆమెను కలిసేసరికి ఐదు వారాలైంది.

ఆమె అడిగింది

కూర్చోగానే అడిగేశారు: “అయ్యగారూ, కాల్చేశాం కదా. మరి ఆయన లేస్తారా?”

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు నా ముందు రెండు దారులుంటాయి. సిద్ధాంతం అడిగారు గనుక సిద్ధాంతమే చెప్పడం ఒకటి. ప్రశ్నను పక్కనపెట్టి, దాని వెనకున్న దుఃఖం దగ్గరకు వెళ్ళడం ఇంకొకటి. నేను మొదటి దారి పట్టాను. వాక్యం తెలిసిన మనిషి సూటిగా అడిగితే, వీపు నిమిరే మాటలు చెప్పి పంపడం ఆమెను చిన్నబుచ్చడమే అనిపించింది. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. జవాబు చెప్పేశాను గనుక పని అయిపోయిందనుకోవడమే తప్పు.

క్రీ.శ. 177లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ పట్టణంలో క్రైస్తవుల మీద జరిగిన హింసల గురించి చెప్పాను. అక్కడ హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం చంపబడినవాళ్ళ, శవాలను ఆరు రోజులు పాతిపెట్టనివ్వలేదు. తర్వాత కాల్చి, ఆ బూడిదను కూడా రోన్ నదిలోకి ఊడ్చేశారు. ఎందుకంటే, వీళ్ళకు తిరిగి లేస్తామన్న ఆశ కూడా మిగలకూడదట. ఆ సంఘంవాళ్ళు రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. నది మింగిన ఆ హతసాక్షులు లేవరని సంఘం ఎప్పుడూ నమ్మలేదు. సమాధిలో పెట్టిన దేహమైనా చివరికి మన్నే గదా. దహనాన్ని చాలాకాలం నిషేధించిన కతోలిక సంఘం కూడా, పునరుత్థానాన్ని కాదనడానికి చేసేది కానంతవరకు పర్వాలేదని 1963లో అనుమతించింది. ఇవన్నీ చెప్పాను.

శ్రద్ధగా విన్నారు. “అవును, దేవునికి అసాధ్యమేముంది” అని మాట ఆమే ముగించారు. నేను తృప్తిగా ఇంటికొచ్చాను.

నాలుగో రోజు ఫోన్. అదే ప్రశ్న. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మళ్ళీ అదే ప్రశ్న, దాదాపు అవే మాటల్లో.

సరైన జవాబు విన్నాక కూడా మనిషి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నారంటే, మనం జవాబిచ్చింది ఆ ప్రశ్నకు కాదు. కొత్తగా పరిచర్యలోకి వచ్చేవాళ్ళకు ఈ సంగతి నేనే నేర్పుతాను. అయినా ఆ రోజు నాకు తట్టింది మాత్రం, ఇంకాస్త గట్టి జవాబు కావాలేమో అని.

నా పొరపాటు

రెండోసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఇలా అన్నాను: “అమ్మా, ఆ శరీరం ఒట్టి గూడు. పక్షి ఎగిరిపోయింది. గూడు కాలితే ఏం, మట్టిలో కలిస్తే ఏం?”

భూస్థాపన కూడికల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో! నేనే ఎన్నిసార్లు అన్నానో! వినడానికి బాగుంటుంది, ఏడుస్తున్నవాళ్ళు తల ఊపుతారు.

అప్పుడామె ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని మడుస్తున్నారు. చిన్న తెల్ల తువ్వాలు, ఉతికి ఉతికి అంచులు పీచులేసినది. రెండు మడతలు పడ్డాక చేతులు ఆగిపోయాయి. కాసేపు దానివైపే చూసి, “సరే అయ్యగారూ” అన్నారు. ఆ గొంతులో ‘మీరిక వెళ్ళవచ్చు’ అన్న మర్యాద తప్ప మరేమీ లేదు. తర్వాత రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు.

ఆ మాటలో తప్పేమిటో ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను. ఆత్మ పక్షి, దేహం పంజరం అన్నది అపొస్తలుల బోధ కాదు. ఆ ఆలోచన గ్రీకులలో బలంగా ఉండేది. దేహానికి వాళ్ళ మాట సోమా, సమాధికి సేమా. ఈ రెండూ కలిపి దేహమే సమాధి అన్న చమత్కారం ప్లేటో రాతల్లో కనిపిస్తుంది. ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు మాట్లాడుతుంటే కొందరు అపహాస్యం చేసింది మృతుల పునరుత్థానమన్న మాట దగ్గరే (అపొస్తలుల కార్యములు 17:32). ఆత్మ ఎగిరిపోతుందని చెప్పి ఉంటే అంతగా నవ్వేవాళ్ళు కాదేమో, అది వాళ్ళలో చాలామందికి తెలిసిన సంగతే. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం మనం ఒప్పుకునేది కూడా ‘శరీర పునరుత్థానము’నే.

మన దేహం గుడారమని పౌలు అన్న మాట నిజమే (2 కొరింథీ 5). కానీ అక్కడ కూడా ఆయన కోరుకున్నది వస్త్రం విప్పేసుకుని పోవడం కాదు, మీద ఇంకొకటి ధరించుకోవడం. ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

ఈ రెండు వారాల్లో చుట్టుపక్కలవాళ్ళు చేసిన సాయం గురించి ఎక్కువ రాయను. ఏడిస్తే అవిశ్వాసమని ఒకరు అన్నారట. పునరుత్థానంలో పెళ్ళిళ్ళు ఉండవు, ఆయన నీకేమీ కాడని ఇంకొకరు మత్తయి 22:30 చూపించారట. ఇద్దరూ మంచివాళ్ళే. థెస్సలొనీకయులకు పౌలు రాసింది ఏడవవద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్ళలాగా ఏడవవద్దని. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

ఒక్క రోజు చెప్పండి

మూడోసారి బైబిలు సంచిలోనే ఉంచి వెళ్ళాను. “ఆ రోజు నేనన్న మాట మిమ్మల్ని బాధపెట్టినట్టుంది అమ్మా” అన్నాను.

కొంచెంసేపు ఊరుకుని అన్నారు: “ఆరేళ్ళు నేను ఒళ్ళు తుడిచింది గూటికా అయ్యగారూ?”

ఆ తువ్వాలు దేనికి వాడేవారో అప్పుడు అర్థమైంది. తప్పు మాట్లాడానని ఒప్పుకున్నాను. వివరణేదీ ఇవ్వలేదు. ఇస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వచ్చేది.

తర్వాత ఇలా అడిగాను: “ఆయన్ను చూసుకున్న రోజుల్లో ఒక్క రోజు చెప్పండి. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గరనుంచి.” ఎలా ఉన్నారమ్మా అంటే దేవుని దయవల్ల బాగున్నానంటారు. ఆరేళ్ళూ చెప్పమంటే చాలా కష్టపడ్డామని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒక్క రోజు చెప్పమంటే ఆ రోజులోని పనులు బయటికొస్తాయి.

గంటకు పైగా మాట్లాడారు. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, రాత్రుళ్ళు కూడా. చర్మం రాసుకోకుండా కింద దుప్పటి పట్టుకుని తిప్పాలి. అన్నం మెత్తగా చేసి, గొంతుకు అడ్డం పడకుండా చిన్న చెంచాతో పెట్టాలి. గోళ్ళు తీసేటప్పుడు భయపడి చెయ్యి లాక్కునేవారు, అందుకని నిద్రపోయాక తీసేవారు. బట్టలు మార్చేటప్పుడు సిగ్గుపడేవారు, ఎవరో పరాయి ఆడమనిషి అనుకుని.

“మొదట్లో నన్ను వాళ్ళ అక్క అనుకునేవారు. అక్కా, అక్కా అని పిలిచేవారు. అదే నయం అయ్యగారూ, తర్వాత అదీ పోయింది. ఒకరోజు అన్నం పెట్టి మూతి తుడుస్తుంటే, ‘మీరు చాలా మంచివారమ్మా, చీకటి పడుతోంది, ఇంక ఇంటికి వెళ్ళండి, మీ ఆయన ఎదురుచూస్తుంటాడు’ అన్నారు.”

చెప్పి నవ్వారు. తర్వాత చాలాసేపు ఏడ్చారు. నేను ఏమీ మాట్లాడలేదు.

ఇంకో మాట మధ్యలో అలా అనేసి వెళ్ళిపోయారు, అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు. “నలభై ఏళ్ళు ఏవండీ అని పిలిచినదాన్ని. ఆఖర్లో అలా పిలిస్తే పలికేవారు కాదు. నర్సు చెప్పింది, పేరు పెట్టి పిలవమని. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తల ఇటు తిప్పేవారు. ఎవరు పిలిచారో తెలిసేది కాదు, కానీ తిప్పేవారు.”

ఆ రోజే తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన పోయి రెండు నెలలు కావస్తున్నా రాత్రి రెండు గంటలకొకసారి మెలకువ వస్తోంది. లేచి ఖాళీ మంచం దగ్గరకు వెళ్తున్నారు. అన్నం సరిగా తినడం లేదు. “నేనూ వెళ్ళిపోతే బాగుండు” అన్నారు. విశ్వాసుల నోట ఈ మాట వచ్చినప్పుడు నిరీక్షణ అనుకుని మురిసిపోకూడదు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. లేదన్నారు, దేవుడు పిలిస్తే చాలన్నారు. అయినా ఆ వారమే డాక్టరుకు చూపించమని ఆమె ఎదుటే కూతురికి ఫోన్ చేసి చెప్పాను. నిద్ర సంగతి ప్రార్థనతోనే సరిపెట్టలేదు.

అసలు ప్రశ్న

వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర అడిగారు: “లేస్తారని నమ్ముతాను అయ్యగారూ. ఏ ఆయన లేస్తారు? మళ్ళీ నన్ను చూసి ఎవరమ్మా మీరు అంటే, అక్కడ కూడా అంటే, నేను తట్టుకోలేను.”

అప్పటికి నాకు వెలిగింది. బూడిద గురించి అడగడం మర్యాదైన ప్రశ్న, ఎవరి ముందైనా అడగవచ్చు. జబ్బు మనిషి తనను మరిచిపోయాడని నొచ్చుకోవడం ఆమెకు సిగ్గు. అందుకే మొదటి ప్రశ్న రెండోదానికి ముసుగైంది.

తప్పకుండా గుర్తుపడతారమ్మా అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అప్పటికే ఒకసారి అలవాటు మాట దొర్లించి దెబ్బతిన్నాను. వాక్యం చెప్పిందేమిటో చూసి, దానికి మించకుండా మాట్లాడాలనుకున్నాను. వచ్చేవారం దీనిమీదే కూర్చుందామన్నాను.

పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాసింది క్రీ.శ. 50వ దశకం మధ్యలో. ఆమె ప్రశ్న అందులో దాదాపు అలాగే ఉంది: “వారెట్టి శరీరముతో వత్తురు?” (15:35). జవాబు “ఓ అవివేకీ” అని మొదలవుతుంది. వాదానికి దిగినవాళ్ళకు రాసిన జవాబు అది. దుఃఖంలో ఉన్న ఇంట్లో అక్కడినుంచి మొదలుపెట్టలేను. అందుకని లాజరు దగ్గర మొదలుపెట్టాను.

లాజరు సమాధిలోంచి వచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టి ఉన్నాయి, ఇంకొకరు విప్పాల్సి వచ్చింది. యేసు లేచినప్పుడు ఆ నారబట్టలు సమాధిలోనే ఉండిపోయాయి, తలకు కట్టిన రుమాలు వేరే చోట చుట్టిపెట్టి ఉంది. లాజరు పాత జీవితంలోకే తిరిగొచ్చాడు, మళ్ళీ చనిపోయాడు. సంఘం ఎదురుచూసేది లాజరుకు జరిగిందాన్ని కాదు, యేసుకు జరిగిందాన్ని. అంటే జబ్బుతో ఉన్న మనిషిని ఆ జబ్బుతోనే మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టడం కాదు.

ఇది వినగానే ఆమె ముఖంలో కొంత సడలింపు కనిపించింది. అప్పుడు 15:43 చదివాం: “ఘనహీనమైనదిగా విత్తబడి, మహిమగలదిగా లేపబడును.” ఘనహీనం అంటే ఏమిటని అడిగారు. “ఆరేళ్ళు మీరు రోజూ చూసిందే అమ్మా” అన్నాను. తల ఊపారు. ఆ తర్వాతి వచనంలో ప్రకృతిసంబంధమైనది, ఆత్మసంబంధమైనది అని పౌలు రెండు మాటలు వాడినా, రెండుచోట్లా శరీరమనే అన్నాడని చూపించాను. విత్తినదీ లేచేదీ వేరువేరు మనుషులు కారు.

తర్వాత యోహాను 20వ అధ్యాయం ఆమెనే చదవమన్నాను. ఇది ముందే ఆలోచించి చేసింది. నేను చదివితే ప్రసంగమైపోతుంది. సమాధి దగ్గర మగ్దలేనే మరియ యేసును చూసి కూడా తోటమాలి అనుకుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు ఆయనతో నడుస్తూ కూడా పోల్చుకోలేకపోయారు. గుర్తుపట్టకపోవడం పునరుత్థాన కథలో కొత్తేమీ కాదని చెప్పాలని నా ఉద్దేశం. అంతవరకే అనుకున్నాను.

ఆమె నిదానంగా, వేలు పెట్టి చదువుతున్నారు. “యేసు ఆమెను చూచి, మరియా అని పిలిచెను. ఆమె ఆయనవైపు తిరిగి...” అక్కడ ఆగిపోయారు. వేలు ‘తిరిగి’ అన్న మాట మీదే ఉండిపోయింది.

“పేరు పెట్టి పిలిస్తే తిరిగింది” అన్నారు.

నేను ఊరుకున్నాను. నా జేబులో మూడు వ్యాఖ్యానాలున్నాయి, ఒక్కటీ తీయలేదు. కాసేపటికి ఆమే అన్నారు: “ఈవిడ గుర్తుపట్టకముందే ఆయనకు ఈవిడ తెలుసు కదా అయ్యగారూ. మా ఆయనకు తెలియకపోయినా నాకు తెలిసినట్టు.”

యెషయా 49:15 అప్పుడు మాత్రం చూపించాను. తల్లి చంటిపిల్లను మరచునా అని అడిగి, “వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను” అంటాడు దేవుడు. మనుషులు మరిచిపోతారని వాక్యమే ఒప్పుకుంటోంది. ఆమె భర్త తన పేరే మరిచిపోయిన రోజుల్లో కూడా ఆయనెవరో ఒకరికి తెలుసు. లేపేది ఆ ఒక్కరే. భర్త జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన సంగతి కాదిది. ఈ మాటను మాత్రం ధైర్యంగా చెప్పగలిగాను.

కాగా

తర్వాతి వారం కొరింథీ పత్రిక 15వ అధ్యాయం చివరి వచనానికి వచ్చాం. కడబూర, ‘మరణమా నీ ముల్లెక్కడ’ అన్న విజయగీతం అయిపోయాక, ఆకాశంలో ఉన్న పౌలు ఒక్కసారి నేలమీదకు దిగుతాడు: “కాగా... మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థముకాదని యెరిగి”. 57 వచనాలు మృతుల గురించి రాసి, 58లో బతికున్నవాళ్ళ పని గురించి మాట్లాడతాడు.

దేహం ఒట్టి గూడైతే ఆమె చేసినదంతా గూటికి చేసిన చాకిరీ. నేను ఆమెతో అన్నది అదే, తెలియకుండా. దేవుడు లేపేది ఈ దేహాన్నే అయితే ఆ తువ్వాలు, ఆ చెంచా, నిద్రలో తీసిన గోళ్ళు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇదంతా ఆమెకు వివరించలేదు. వచనం చదివి, “ఇందులో ప్రయాసము అన్నదానికి మీరైతే ఏం రాస్తారు” అని అడిగాను. “తిప్పడం” అన్నారు.

తేలనివి

ఆ పెళ్ళి వచనం సంగతి పూర్తిగా తేలలేదు. అది పునరుత్థానమే లేదనే సద్దూకయ్యులు వేసిన ఉచ్చుకు యేసు ఇచ్చిన జవాబని, ఆ వెంటనే దేవుడు అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు అని మనుషుల పేర్లే ఎత్తి, ఆయన సజీవులకే దేవుడన్నాడని చెప్పాను. పెళ్ళి చేసుకోవడం, పెళ్ళికియ్యడం ఉండవన్నాడేగానీ ఒకరికొకరు తెలియరని అనలేదు. ఆమెకు అది సగమే సరిపోయింది. నాకూ అంతే. వెళ్ళి కూర్చోవడానికి సమాధి లేదన్న వెలితి అలాగే ఉంది, దాన్ని పూడ్చడానికి నేను ప్రయత్నించలేదు. నిద్ర మందులతో కొంత, కాలంతో కొంత కుదుటపడింది. బూడిద ప్రశ్న మాత్రం ఆమె మళ్ళీ అడగలేదు.

నేను మార్చుకున్నవి చిన్నవే. భూస్థాపన కూడికల్లో గూడు, పంజరం, చిలుక అన్న మాటలు మానేశాను. చాలాకాలం మంచాన ఉండి పోయినవాళ్ళ ఇంటికి వెళ్తే, ముందు దగ్గరుండి చూసుకున్నవాళ్ళెవరో కనుక్కుంటాను. వాళ్ళను ఒక్క రోజు చెప్పమంటాను. బైబిలు ఆ తర్వాత తెరుస్తాను.

ఏడాది తర్వాత మా సంఘంలో ఒకావిడ మామగారికి పక్షవాతం వచ్చింది. ఎలా చూసుకోవాలో తెలియక ఆ అమ్మాయి అవస్థ పడుతుంటే, అమ్మగారిని అడగమని చెప్పాను. నేను పరామర్శకు వెళ్ళేసరికి ఆమె అక్కడే ఉన్నారు. మంచం అంచున నిలబడి దుప్పటి ఎక్కడ పట్టుకోవాలో, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో చూపిస్తున్నారు. ఆ అమ్మాయి తొందరపడి దుప్పటి లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఆగమ్మా. ముందు పేరు పెట్టి పిలువు. ఆయన ఇటు తిరిగాక అప్పుడు తిప్పు.”